వేలిముద్ర పడని మనిషి

తాళంచెవుల కొట్టు నడిపే ఆ అన్నదమ్ముల్ని వీధిలో అందరూ పెద్దతాళం, చిన్నతాళం అనేవాళ్లు. పెద్దతాళం నలభై ఏళ్లు ఇత్తడి మీద ఆకురాయి ఆడించి ఆడించి, వేళ్ల మీది గీతలన్నీ అరగదీసుకున్నాడు. చిన్నతాళానికి చెవుల పనంటే మొహం మొత్తింది. స్మార్ట్ లాకులు బిగించే పనిలోకి దిగాడు. ముందుగా తమ కొట్టు తలుపుకీ, తన ఇంటి తలుపుకీ ఒక్కోటి బిగించాడు. వేలిముద్ర గుర్తుపడితే పచ్చదీపం వెలిగి, 'రండి' అని పేరుతో పిలిచి తెరుచుకునేవి.

అన్న వేలు పెడితే కొట్టు తాళం ఒక్కనాడూ తెరుచుకోలేదు. ఎర్రదీపం వెలిగేది, అంతే.

"ఒక్క చెవి నా దగ్గరుంచరా," అన్నాడు అన్న.

"చెవి పెట్టే కన్నమే లేదు దానికి. ఫోన్ చెయ్యి, నేనెక్కడున్నా అక్కణ్ణుంచే తెరుస్తాను."

ఆ వేసవిలో ఓ మధ్యాహ్నం తమ్ముడు ఊరవతల ఎవరింట్లోనో తాళం బిగిస్తుండగా ఫోన్ మోగింది. అన్నయ్య. పొద్దున ఇద్దరికీ మాటా మాటా పెరిగింది, ఆ మంట ఇంకా చల్లారలేదు. కాసేపు ఎండలో నిలబడనీ అనుకుని ఫోన్ బోర్లా పెట్టాడు. సాయంత్రం వచ్చేసరికి పెద్దతాళం కొట్టు గడప మీద పడున్నాడు. ఊపిరి లేదు. పందొమ్మిదిసార్లు వేలు పెట్టి చూసినట్టు తాళం చిట్టాలో ఉంది.

"ఒక్క ఫోన్ చేసుంటే బతికేవాడే!" అని అందరి ముందూ తల బాదుకున్నాడు తమ్ముడు.

నెల తిరిగింది. ఓ మధ్యాహ్నం కొట్లో ఒక్కడే కూర్చున్నాడు. వీధిలో పురుగు లేదు. ఫ్యాను కిర్రుమంటోంది. ఇత్తడి పొడి, నూనె కలిసిన పాత వాసన. బయట తాళం కీచుమంది.

"రండి, అన్నయ్య," అంది.

పచ్చదీపం. తలుపు జానెడు తెరుచుకుంది. బయట ఎవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా దాన్ని పీకి ఇంకో కంపెనీది బిగించాడు. ఫోన్‌కి కలపగానే పాత పేర్లన్నీ వచ్చి కూర్చున్నాయి. "ఇప్పుడు తాళాలన్నిటిదీ ఒకటే భాషండీ, కంపెనీ మారినా మీవాళ్లని అది మర్చిపోదు" అని గిరాకీలకి తను రోజూ చెప్పే మాటే. అన్నిటికంటే పైన అన్నయ్య. చెరిపేశాడు.

కీచుమంది.

"రండి, అన్నయ్య."

ఈసారి తలుపు బార్లా తెరుచుకుంది... మెల్లిగా మూసుకుంది. ఎవరో లోపలికొచ్చి వేసుకున్నట్టు. గదంతా ఎండకి మాడిన చెమట వాసన.

"అన్నయ్యా... నువ్వని తెలిసే ఎత్తలేదు. తప్పయిపోయింది..."

మూల బల్ల మీద ఆకురాయి దానంతటదే కదిలింది. కర్... కర్... తీరిగ్గా, ఎవరో కొత్త చెవి తయారు చేస్తున్నట్టు.

ఒక్క ఉదుటున తలుపు లాక్కుని వీధిన పడ్డాడు. చెప్పుల్లేకుండా సందు చివర పెద్దరోడ్డు దాకా పరిగెత్తాడు. అప్పుడు మోగింది ఫోన్. భార్య.

"ఎక్కడున్నారండీ? ఈ రొదేంటి?"

"రోడ్డు మీద..."

ఆమె గొంతు బాగా తగ్గింది.

"ఇందాకే మన తలుపు మీ పేరు చెప్పి తెరుచుకుంది. మరి... స్నానాల గదిలో నీళ్లు పోసుకుంటున్నదెవరండీ?"