కుదురులో నలభై రెండో ఫైలు

ఉదయం తొమ్మిదీ ఇరవై. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

లోపల కొరియర్ యూనిఫాంలో ఒకడు. చేతిలో అట్టపెట్టె. బయట, ఉతకాల్సిన బట్టల సంచీతో, ఇంటి చెప్పులతో, యాభై ఏళ్ల ప్రోగ్రామర్.

"పార్సిల్ మీకే సార్."

సైలెన్సర్ మూడుసార్లు దగ్గింది. అట్టపెట్టెకి మూడు కన్నాలు పడ్డాయి. ప్రోగ్రామర్ గోడకి కొట్టుకుని, బట్టల సంచీ మీదికి జారిపోయాడు. కొరియర్ వాడు వంగి మెడ మీద నాడి చూశాడు. సంతృప్తి కలగలేదేమో, నాలుగోసారి పేల్చాడు. తర్వాత తీరిగ్గా మెట్లు దిగిపోయాడు. తెల్లచొక్కాల్లోంచి నెత్తురు లిఫ్టు గుమ్మం దాకా పాకింది.

* * *

"పోయినాయన ఎవరో తెలుసా?" అడిగాడు చీఫ్. డిపార్ట్‌మెంట్ అంతా ఆయన్ని పెద్దాయన అంటుంది.

"సాఫ్ట్‌వేర్ రాసేవాడని విన్నాను," అన్నాడు ఏజెంట్. అతన్ని అందరూ ముంగిస అంటారు. ఎందుకంటారో తెలిసిన పాములేవీ బతికి లేవు.

"ఆ సాఫ్ట్‌వేర్ పేరు కుదురు. యంత్రాల గడియారాల మధ్య తేడా రాకుండా చూస్తుంది. వెంటిలేటర్లు, డ్యామ్ గేట్లు, రైలు సిగ్నళ్లు, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. రాసేది పదకొండు మంది. జీతం లేదు. ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు."

"ఎవరైనానా?"

"అదే దాని బలం. అదే మన తలనొప్పి. విదేశీ ముఠా ఒకటి అందులో దొంగతలుపు పెట్టాలని చూస్తోంది. పెట్టిందా, ఒక్క మీటతో ఒకే పట్టాల మీదికి రెండు రైళ్లు. కొత్త వెర్షన్ శుక్రవారం నాలుగింటికి రిలీజ్. దానికి ఇద్దరు సంతకం చెయ్యాలి. ఒకరు ఈయన. రెండోది ఈయన చెల్లెలు."

"ఈయన పోయాడుగా?"

"ఆ సంతకం తర్వాతి సీనియర్‌కి వెళ్తుంది. అదృష్టం బాగుండి, ఆవిడ మన ఇన్‌ఫార్మరే. కోడ్ నేమ్ నెమలి. రెండేళ్లుగా లోపలుంది. 'ఇక్కడ దుమ్మెక్కువ' అంటుంది. నువ్వు 'తుడిచేవాళ్లు తక్కువ' అనాలి. కొత్త వాలంటీర్‌లా చేరిపో."

"నాకు కోడ్ రాయడం రాదు సార్."

"రానివాళ్లని కూడా చేర్చుకుంటారట. బయల్దేరు."

* * *

బుధవారం. పాత నూలు మిల్లు నాలుగో అంతస్తులో పొడుగాటి హాలు. బల్లల నిండా లాప్‌టాప్‌లు, కాళ్లకి అడ్డం పడే వైర్లు. రిలీజ్ కోసం ఆ పదిమందీ అక్కడే మకాం. హాలు చివర, మెట్ల పక్కన, నేల నుంచి కప్పు దాకా అద్దాలున్న గది. సంతకాలు జరిగేది అందులోనే.

ముంగిస మీసం తీసేశాడు. ఉద్యోగం మానేసిన డ్రాయింగ్ మాస్టారి వేషం. జేబులో లావుపాటి పెన్ను. క్లిప్పు లాగితే మత్తు సూది బయటికొస్తుంది.

చెల్లెలికి ముప్పై ఉంటాయి. అన్న చొక్కా చేతులు మడిచి తొడుక్కుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అయినా కుర్చీ తనే లాగి వేసింది.

"కొత్తా? కూర్చోండి మాస్టారూ. కోడ్ వచ్చా?"

"రాదమ్మా."

"చదవడం వచ్చుగా. ముందు గైడ్ చదవండి. ఎక్కడ అర్థం కాలేదో రాసి పెట్టండి. మీకు అర్థం కాలేదంటే తప్పు మీది కాదు, మా రాతది. అది దిద్దడం కూడా పనే. 'కొత్తవారికి' అని లేబుల్ ఉన్న ఇష్యూల్లో, అంటే చెయ్యాల్సిన పనుల్లో, చిన్నదొకటి తీసుకోండి. తీసుకున్నట్టు చెప్పండి, ఇద్దరు ఒకే పని చెయ్యకుండా. సందేహమొస్తే అందరిముందూ అడగండి. సిగ్గుపడి గంటలు పాడుచేసుకోకండి." చొక్కా చేతి మడత సర్దుకుంది. "అన్నయ్య నాకూ ఇలాగే నేర్పాడు."

అతను ఒక పేజీలో 'అమరిక' అనాల్సిన చోట 'అరమిక' అని ఉండడం పట్టుకున్నాడు. దిద్ది పంపించడానికి రెండు గంటలు పట్టింది. చేతిలో తుపాకీ ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ పట్టని చెమట పట్టింది. చెల్లెలు చూసి, ఒక మార్పు అడిగి, అది చేశాక ఆమోదించింది. కుదురు పనివాళ్ల జాబితాలో కొత్త పేరు చేరింది. ఎందుకో అతనికి ఛాతీ కాస్త పొంగింది.

"ఇక్కడ దుమ్మెక్కువ," అంది వెనక నుంచి ఒక తియ్యటి గొంతు.

నీలిరంగు పట్టు జాకెట్టు, ఎత్తుమడమల చెప్పులు, చెవులకి ముత్యాలు. ఆ వైర్ల అడవిలో నిజంగా నెమలే.

"తుడిచేవాళ్లు తక్కువ," అన్నాడు ముంగిస.

ఆమె అతని లాప్‌టాప్ మీదికి వంగింది. "చెల్లెలి మీద కన్నెయ్యండి. అన్నని అమ్మేసింది ఆవిడే. శుక్రవారం ఆవిడ సంతకం పడగానే పట్టుకుందాం. అప్పటిదాకా తొందరపడకండి."

* * *

శుక్రవారం మధ్యాహ్నం. ముంగిస ఇంకో ఇష్యూ తీసుకున్నాడు. కొత్త మిషన్ మీద గైడ్‌లో చెప్పినట్టే కుదురుని ఇన్‌స్టాల్ చేసి, ప్రతి మెట్టూ పనిచేస్తోందో లేదో చెప్పాలి. తెలిసినవాళ్లు ఆ మెట్లు ఎప్పుడో చదవడం మానేశారు. అతనికి తెలియదు కాబట్టి వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివాడు.

ఆరో మెట్టు: 'నలభై ఒక్క పరీక్షా ఫైళ్లు కనిపించాలి.'

అందరికీ కనిపించే కోడ్‌లో నలభై ఒకటే ఉన్నాయి. రిలీజ్ కోసం కట్టి ఉంచిన ప్యాకేజీలో నలభై రెండు.

చాట్‌లో అడిగాడు: "ఒకటి ఎక్కువుంది. నేనే తప్పు లెక్కపెట్టానా?"

పది సెకన్లలో నెమలి జవాబు: "గైడ్ పాతది. అంకె మార్చి పంపించండి, ఓకే చేసేస్తాను."

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ముంగిస నేర్చుకున్నది ఒకటుంది. మనం ప్రశ్న పూర్తిచెయ్యకముందే జవాబు సిద్ధంగా ఉంటే, ఆ మనిషి ఆ ప్రశ్న కోసం భయపడుతూ ఎదురుచూస్తున్నట్టే. లేచి చెల్లెలి దగ్గరికి వెళ్లాడు.

ఆమె ఆ ఫైలు తెరిచింది. పేరుకి పరీక్ష. లోపల అర్థంకాని ముద్ద. ఆమె పెదాలు పాలిపోయాయి.

"ప్యాకేజీ కట్టింది ఎవరమ్మా?"

"అన్నయ్య బదులు సంతకం చెయ్యబోయే ఆవిడే." కుర్చీ చెయ్యి పట్టుకుంది. "పోయే ముందురోజు అన్నయ్య ఇదే అడిగాడు మాస్టారూ. 'ఫైలు ఒకటి ఎక్కువుందేంటే' అని. నేనే... తర్వాత చూద్దాంలే అన్నయ్యా అన్నాను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టినవాడిని లిఫ్టు దగ్గర చంపేశారు.

ఫైర్ అలారం మోగింది.

* * *

హాలు ఖాళీ అయింది. అందరూ మెట్లవైపు పరిగెత్తారు. ఆ గుంపుకి ఎదురు నడుస్తూ ఒకడు లోపలికొచ్చాడు. కొరియర్ యూనిఫాం. చేతిలో అట్టపెట్టె.

ముంగిస బల్ల తిరగేశాడు. తూటాలు చెక్కని చీల్చాయి. ఒకటి అతని ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. పాకుతూ వెళ్లి, వాడి మోకాళ్లని గుద్దాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. మత్తు పెన్ను తీశాడు. కొరియర్ వాడి మడమ కింద అది పుల్లలా విరిగింది. వాడి బొటనవేళ్లు ముంగిస గొంతులో దిగాయి. కళ్ల ముందు నల్లమచ్చలు తేలాయి. చేతికి నెట్‌వర్క్ వైరు తగిలింది. వాడి మెడచుట్టూ రెండుసార్లు తిప్పి, వాడిని బోర్లా దొర్లించి, వీపు మీద మోకాలు పెట్టి లాగాడు. వాడి మడమలు నేలని టకటకా కొట్టుకున్నాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి.

అద్దాల గదిలోంచి చెల్లెలి కేక వినిపించింది.

మూడూ యాభై ఎనిమిది.

పోట్లాట సాగుతుండగా నెమలి ఆమెని ఆ గదిలోకి ఈడ్చుకెళ్లింది. తన సంతకం అప్పటికే పెట్టేసింది. చెల్లెలి కుడిచెయ్యి బల్ల మీద అదిమి పట్టింది. చిటికెన వేలు ఉండకూడని వైపు వంగి ఉంది. సంతకం యంత్రానికి బొటనవేలు చాలు.

"వదులు!" ముంగిస తలుపు దగ్గర తూలి నిలబడ్డాడు.

"ఇంకో అడుగేస్తే దీని కణత పేలుతుంది." నెమలి తుపాకీ కదల్లేదు. ఆ బొటనవేలిని బలవంతంగా యంత్రం మీద నొక్కింది. పచ్చలైటు వెలిగింది. స్క్రీన్ మీద అంకెలు మొదలయ్యాయి. అరవై. యాభై తొమ్మిది.

"అయిపోయింది," అంది నెమలి. "రెండేళ్లు వీళ్ల అక్షరదోషాలు దిద్దాను. ఎంత విసుగో తెలుసా?"

"మాస్టారూ!" చెల్లెలు ఏడుస్తూనే అరిచింది. "ఇది గడువు నిమిషం! కుదురులో పని ఆమోదం పొందిన వాళ్లెవరైనా అభ్యంతరం చెప్పొచ్చు! చెబితే రిలీజ్ ఆగుతుంది! మీదీ ఆమోదించాను, మీరూ మావాళ్లే!"

నెమలి తుపాకీ అతనివైపు తిరిగింది. ఆ అరక్షణంలో చెల్లెలు ఆమె మణికట్టుని ఎముక తగిలేదాకా కొరికింది. తూటాలు గతితప్పి అద్దం గోడని తూట్లు పొడిచాయి. ఒకటి ముంగిస తొడలో దిగింది. అతను పడుతూనే కుర్చీని గిరాటేశాడు. అది నెమలి ఛాతీకి తగిలింది. ఎత్తుమడమ జారింది. తూట్లుపడ్డ అద్దం ఆమె బరువుకి మొత్తంగా విరిగింది. నాలుగంతస్తుల మెట్ల బావిలో కేక పొడుగ్గా దిగి, కింద సిమెంటు దగ్గర తెగిపోయింది.

పదకొండు. పది.

ముంగిస జేబులోంచి ఫోన్ లాగాడు. నెత్తురంటిన బొటనవేలిని అది గుర్తుపట్టలేదు. చొక్కాకి తుడిచాడు. ఏడు. కుదురు రిలీజ్ పేజీలో 'అభ్యంతరం' నొక్కాడు. 'కారణం రాయండి' అంది ఫోన్.

"ఏం రాయనమ్మా?"

"మీరు చూసిందే రాయండి!"

నాలుగు. 'ఫైలు ఒకటి ఎక్కువుంది.' రెండు. పంపించాడు.

ఒకటి దగ్గర అంకె ఆగింది. స్క్రీన్ ఎర్రబడింది: 'రిలీజ్ నిలిపివేయబడింది. అభ్యంతరం చెప్పినవారు: కొత్త సభ్యుడు.'

చెల్లెలు విరిగిన వేలిని ఒళ్లో పెట్టుకుని నేలమీదే కూలబడింది. "అన్నయ్యా, చూశానురా," అంది. ముంగిస బెల్టు విప్పి తన తొడకి కట్టుకుని, పాక్కుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

* * *

సోమవారం ఆసుపత్రికి పెద్దాయన వచ్చాడు.

"ముఠా మొత్తం దొరికింది. నెమలిని నమ్మింది నేను. ఆ తప్పు నాదే," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఎల్లుండికి లేచి నిలబడగలవా? ఇంకో పని ఉంది."

"రాలేను సార్." ముంగిస కట్లుకట్టిన కాలి మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. "ఆ చెల్లెమ్మ నా పేరు మీద రెండు ఇష్యూలు వేసింది."

"నేను నీ చీఫ్‌నయ్యా! ఆవిడతో నేను మాట్లాడతా."

"మాట్లాడండి సార్. కాకపోతే అందరికీ కనిపించే మెయిలింగ్ లిస్ట్‌లో రాయాలి. రహస్యంగా అడిగితే ఆవిడ జవాబివ్వదు."