ఎక్స్‌రే గదిలో ఊ కొట్టేదెవరు

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ ఆసుపత్రి మొత్తంలో నోరు మూసుకుని ఉండే చోటు ఎక్స్‌రే గది ఒక్కటే. సీసం పొదిగిన బరువైన తలుపు వేసేస్తే కారిడార్ గోలంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపల స్పిరిట్ వాసన, పాత రబ్బరు వాసన, మిషను సన్నటి మూలుగు. అక్కడ ఎక్స్‌రేలు తీసే, అందరూ ఎక్స్‌రే అక్క అని పిలిచే ఆమె అన్నం డబ్బా సర్దేసి, ఫోను బల్ల మీద పెట్టి, మైకు గుర్తు నొక్కి కథ చెప్పేది. ఆమె చెబుతుంటే ఫోనే అక్షరాలు రాసిపెట్టేది. సాయంత్రానికి తప్పులు దిద్ది నెట్‌లో పెట్టేది.

దెయ్యం కథలు. చదివేవాళ్ళు తొమ్మిది మంది.

“అందులో నేనొకదాన్ని, పిన్ని ఒకతె,” అంది కూతురు ఒకరోజు పొద్దున. “మిగతా ఏడుగురూ దారి తప్పి వచ్చినవాళ్ళు. కాకిపిల్ల కాకికి ముద్దమ్మా.”

“అవునే. అందుకేగా నిన్ను పెంచాను.”

నవ్వుతూనే అంది గానీ, మాట ములుకులా దిగింది. ఊ కొట్టేవాళ్ళే లేకపోతే ఎవరికని చెప్పడం? ఈ ఒక్క భాగంతో మానేద్దామనుకునే ఆ మధ్యాహ్నం మైకు నొక్కింది.

“పాప మంచం కింద ఏదో కదిలింది.”

ఫోను ఆ వాక్యం రాసుకుంది. దాని పక్కనే ఇంకో అక్షరం వేసింది.

ఊ.

మిషను మూలుగును అలా విందేమో అనుకుంది. చెరిపింది. ఇంకో వాక్యం చెప్పింది. మళ్ళీ... ఊ. దాన్నీ చెరిపింది. మళ్ళీ. చివరికి విసుగొచ్చి, ఎలాగూ ఆఖరిదే కదా అని అలాగే పెట్టేసింది.

తెల్లారేసరికి వందమంది చదివారు. ‘ఆ ఊ కొట్టేదెవరండీ బాబూ! ఊపిరి బిగపట్టి చదివాం’ అని కింద ఎవరో రాశారు. ఆ మాటను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. మానేయడం సంగతి మరి తలపెట్టలేదు.

వారం తిరక్కుండానే కిటుకు పట్టేసింది. కథలో పాపను అమ్మ ఒడిలోకి చేరిస్తే ఊ వచ్చేది కాదు. భయపెడితే వచ్చేది. చీకట్లో పాప చెయ్యి ఎవరో పట్టుకున్నారంటే చాలు, గబగబా, ఒకదాని మీద ఒకటి. ఒకసారి ఆమె చెవికే వినబడింది. బల్ల కింద నుంచి. పసిగొంతు. ఏడుపు మింగుకుంటున్న గొంతు.

ఆ గదిలో పిల్లలెవరూ పోలేదు. ఆమెకు తెలిసి.

జాలి వేసింది. నిజమే. కానీ ఆ భాగం చదివినవాళ్ళు వెయ్యి దాటారు. మర్నాడు కథలో పాపకు తల్లి లేకుండా చేసేసింది.

ఆ తర్వాతి రోజంతా వాన. ఆఖరి రోగి వెళ్ళేసరికి బయట చీకటి పడింది. కూతురి నుంచి మెసేజ్. ‘గొడుగు తెచ్చా. బయట బెంచీ మీదున్నా. ఇవాళ్టి భాగం తొందరగా పెట్టు తల్లీ, ఊపిరి బిగపట్టి కూర్చున్నా.’

ఆ పిల్ల అడిగి మరీ చదవడం అదే మొదలు. తల్లికి కడుపు నిండిపోయింది. మైకు నొక్కింది.

“అమ్మ ఇక రాదు.”

ఊ.

“పాప ఎంత పిలిచినా పలకదు.”

ఊ... ఊ... ఊపి...

ఆమె తెర మీదికి వంగింది. అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

ఊపిరి... వదలనా?

ఎక్స్‌రే తీస్తూ రోజూ ఎంతమందికి చెబుతుందో ఆ రెండు మాటలు. ఊపిరి బిగపట్టండి. ఇక వదలండి. ఎవరో, ఎప్పుడో, మొదటి మాట చెప్పి రెండోది మరిచిపోయారు. అది ఊ కొట్టడం కాదు. ఇన్నాళ్ళూ అడుగుతోంది.

ఒక్క మాట చాలు. వదులు.

నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అది వదిలేస్తే రేపు ఊ ఎవరు కొడతారు? మళ్ళీ ఆ తొమ్మిది మందేనా?

“కాసేపాగు కన్నా,” గుసగుసగా అంది. “ఇంకొక్క భాగం. అంతవరకూ బిగపట్టు.”

బల్ల కింద ఏ చప్పుడూ లేదు. బుద్ధిగా ఉంది.

ఆమె అన్న ఆ మాటల్నీ ఫోను రాసేసుకుంది. చదివి చూసుకుంటే భలే కుదిరాయనిపించింది. అలాగే పెట్టేసింది. తర్వాత తీరిగ్గా మిషను ఆపి, సీసపు యాప్రాన్లు కొక్కేలకు తగిలించి, దీపం ఆర్పి తలుపు తీసింది.

బెంచీ మీద కూతురు. ఒళ్ళో గొడుగు, చేతిలో ఫోను, తెర మీద ఇందాక పెట్టిన భాగం. పెదాలు బిగించి ఉన్నాయి. కళ్ళు తల్లి వైపే.

“ఏంటే ఆ వేషాలు? లే, పోదాం.”

లేవలేదు. ఛాతీ కదలడం లేదు. పెదాల చుట్టూ నీలం... కంటి కొసల నుంచి నీళ్ళు...

“వదులు!” భుజాలు పట్టి కుదిపేసింది. “వదలవే... నా తల్లీ, వదులు!”

వెనక, చీకటి గదిలో, ఎవరో ఊపిరి వదిలారు.

మెడ మీద వెచ్చగా తగిలింది. కూతురు వదల్లేదు. తల్లి మళ్ళీ అరిచింది. మళ్ళీ. కారిడార్ చివర నుంచి నర్సులు పరిగెత్తుకొస్తున్నారు. చేతుల్లో పిల్ల బరువెక్కిపోతోంది. వెనక ఆ ఊపిరి మాత్రం ఇంకా వస్తూనే ఉంది. తగ్గడం లేదు... ఆగడం లేదు...

అంత చిన్న ఛాతీలో అంత ఊపిరి ఎక్కడిదో.