ఐదు ఎంబీల్లో ఎనభై నాలుగు చేతులు

“ఇందులో వేళ్లేవండీ?”

జిరాక్స్ షాపు కౌంటరు మీద ఫోను టప్పున పెట్టి అడిగింది టీచరు. షాపు నడిపే కుర్రాడు ఉలిక్కిపడి తలెత్తాడు. నిన్న ఇదే మనిషి ఎంత మెత్తగా మాట్లాడింది! వెళ్తూ వెళ్తూ నవ్వింది కూడా. ఆ నవ్వు చూశాక అతను ఆమె వెనక వరుసలో నిలబడ్డ పెద్దాయనకు ఆరు పేజీలు తిరగేసి పెట్టి, ఆరు తెల్ల కాగితాలు జిరాక్స్ తీసి ఇచ్చాడు.

“ఏ వేళ్లండీ?”

“నా బొమ్మల్లో వేళ్లు! ఎనభై నాలుగు చేతులు గీశాను. మీరు ఫైలు సైజు తగ్గిస్తానని నొక్కి నొక్కి అన్నింటినీ పిండిముద్దలు చేశారు. చూడండి, ఇది రెండు వేళ్లా, మూడా?”

అతను ఫోనులోకి తొంగి చూశాడు. నిజంగానే చెప్పలేకపోయాడు.

వినికిడి లేని పిల్లలకు ఆమె పాఠాలు చెబుతుంది. సైగల భాషలో ఒక్కో మాటకు చేతిని ఎలా పట్టాలో ఒక్కో పేజీలో గీసి, కింద ఆ మాట టైపు చేసి పుస్తకం తయారు చేసింది. ఇప్పుడున్న పుస్తకంలో బొమ్మలే లేవు. చేతిని ఎటు తిప్పాలో రెండేసి పేరాల్లో రాసి ఉంటుంది, ఇంకా చదవడమే రాని పిల్లలకు! కొత్త పుస్తకం ఫైలు ఐదు ఎంబీ దాటకుండా ఇవాళ నాలుగింటిలోపు పంపితే విద్యాశాఖ వాళ్లు అచ్చు వేస్తారు. లేకపోతే మళ్లీ మూడేళ్లు పాత పుస్తకమే.

“పైగా నిన్న మీరిచ్చిన ఫైలు పంపితే, విద్యాశాఖ ఆఫీసరుగారి కంప్యూటర్లో అక్షరాలన్నీ డబ్బాలుగా కనబడుతున్నాయట. ఇది బొమ్మల పుస్తకమా, డబ్బాల పుస్తకమా అని అడిగారు.”

“ఐదు లోపల ఉండాలన్నారు కదండీ. నేను మూడే చేసి ఇచ్చాను,” అన్నాడతను, కాస్త గొప్పగానే.

“అవునండీ. కాళ్లూ చేతులూ తీసేస్తే మనిషి కూడా బరువు తగ్గుతాడు.”

మూలన కూర్చుని పుస్తకాలకు స్పైరల్ ఎక్కిస్తున్న అతని తల్లి కిసుక్కున నవ్వింది. “మాట పడ్డావుగా. ఇక పని చూడరా.”

అతను ఆమె ఇచ్చిన అసలు ఫైలు తెరిచాడు. నూట తొంభై ఎంబీ. నిన్న తొందరలో చూడలేదు కానీ ప్రతి పేజీ అంచునా నీలం పూలున్నాయి.

“ఈ పూలేంటండీ?”

“మా మంచం మీది దుప్పటి. కిటికీ దగ్గర వెలుతురు బాగుందని కాగితాలు అక్కడ పరిచి ఫోనుతో ఫొటోలు తీశాను.”

“అయ్యో! మీ బొమ్మలు ఉత్త నల్ల గీతలు. వాటికి బరువే ఉండదు. ఫైలు మోస్తున్నదంతా మీ దుప్పటి పూలూ, కాగితం మీది నీడలూ. నేనేమో పూలను భద్రంగా ఉంచి వేళ్లను నలిపేశాను. గీసిన కాగితాలు ఉన్నాయా?”

“ఉన్నాయి. నిన్ననే అడగలేదేం?”

“మీరు చెప్పలేదేం?”

“ఆ పంచాయితీ తర్వాత పెట్టుకోండి,” అంది తల్లి. “కాగితాలు ఎక్కడున్నాయమ్మాయ్?”

“బ్యాగులోనే.”

అప్పటికి ఒంటిగంటన్నర. రంగులూ నీడలూ రాకుండా, ఉత్త నలుపు తెలుపుల్లో స్కాన్ చేయడం మొదలుపెట్టారు. ఆమె కాగితం పెడుతుంది, అతను నొక్కుతాడు. బయట వాన పట్టుకుంది. షాపుకు ఎవరూ రాలేదు. గిరాకీ లేనందుకు అతను సంతోషించడం అదే మొదటిసారి.

ముప్పై ఒకటో బొమ్మలో బొటనవేలు మాయమైంది.

“మళ్లీ ఏం చేశారు?” అంటూ ఆమె కాగితం లాక్కుని చూసుకుంది. అక్కడ పెన్సిలు గీతే ఉంది, ఇంకు పెట్టడం తనే మరిచిపోయింది. నాలుక కరుచుకుంది.

“నేనేమీ అనలేదండీ.”

“నవ్వుతున్నారుగా!”

“నా మొహం తీరే అంతండీ.”

ఆమె పెన్ను తీసి వేలు దిద్దింది. కాగితం అందుకోబోతే ఇద్దరి చేతులూ తగిలాయి. ఆ పేజీ స్కాన్ కావడానికి మిగతా అన్నింటికన్నా ఎక్కువసేపు పట్టింది. తప్పు మెషీనుది కాదు.

పాత ఫొటోలు తీసేసి కొత్త స్కాన్లు పెట్టేసరికి మూడూ ఇరవై అయింది. ఫైలు బరువు నాలుగు పాయింట్ ఒకటి ఎంబీ.

“ఇంకా చోటుంది. అక్షరాల ఫాంటు కూడా ఫైల్లోనే పెట్టేస్తాను. నిన్న బరువని తీసేశాను. ఆ ఫాంటు లేని కంప్యూటరు పాపం ఏం చూపిస్తుంది? డబ్బాలే.”

“ఈసారి వేరే కంప్యూటర్లో చూశాకే పంపుదాం.”

తల్లి దగ్గరున్న పాత లాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదు. అందులో తెరిచారు. అక్షరాలన్నీ అక్షరాల్లాగే ఉన్నాయి. తల్లి కళ్లజోడు సవరించుకుని, ఒక బొమ్మను తదేకంగా చూసి, అలాగే వేళ్లు మడిచి పెదాల దగ్గర పెట్టుకుంది.

టీచరు ఎగిరి గంతేసింది. “దాహంగా ఉంది అన్నారు! అచ్చం అలాగే!”

“నిజంగానే ఉంది తల్లీ. ఇందాకటి నుంచి మంచినీళ్లు అడుగుదామంటే మీరిద్దరూ నా వైపు చూస్తేగా!”

పావు తక్కువ నాలుగుకు ఫైలు వెళ్లింది. పావుగంటకు ఆఫీసరుగారి ఫోను వచ్చింది. “వేళ్లు లెక్కపెట్టుకునేలా ఉన్నాయమ్మా. అచ్చుకు పంపుతున్నాను, అన్ని బళ్లకూ.”

ఆమె ముందు తల్లిని వాటేసుకుంది. తర్వాత అతని వైపు తిరిగి ఆగిపోయింది.

“ఇంకేమైనా ఫైళ్లుంటే తీసుకురండి,” అన్నాడతను. “లేకపోయినా... రండి.”

“లేకపోతే ఎందుకు రావడం?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. తల్లికి ఓపిక పోయింది. “చెప్పేదేదో పూర్తిగా చెప్పరా! ఇక్కడ కూడా సైజు తగ్గిస్తావేం?”

“మీరంటే ఇష్టమండీ,” అన్నాడు ఒక్క ఊపిరిలో.

ఆమె గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి తిరిగి చూసింది. “పుస్తకాలు వచ్చిన రోజు మా క్లాసుకు రండి. అమ్మగారిని కూడా తీసుకురండి.”

నెలన్నరకు వచ్చాయి. తరగతిలో ఇరవై మంది పిల్లలు కొత్త పుస్తకాల మీద పడిపోయారు. బొమ్మ చూడటం, చేయి తిప్పడం, పక్కవాణ్ణి గిల్లి చూపించడం. టీచరు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం గోడవారన నిలబడ్డ అతన్ని చూపించి చేతులతో ఏదో అడిగింది. టీచరు చేతులతోనే బదులిచ్చింది. అంతే, పిల్లలందరూ చేతులు పైకెత్తి వేళ్లు గలగలా ఆడించారు.

“ఏమడిగింది?” అన్నాడతను కంగారుగా.

“మీరెవరని.”

“మీరేం చెప్పారు?”

“ఈ పుస్తకంలో వేళ్లు తిరిగి తెచ్చినాయన అని.”

“అంతేనా?”

“నన్ను చేసుకోబోయేది కూడా ఈయనే అని.” ఆమె అతని తల్లి వైపు చూసింది. “తప్పా అత్తయ్యా?”

తల్లి పిల్లల్ని చూసి తనూ రెండు చేతులూ ఎత్తి ఊపింది.

“అయితే వీళ్లేం చేస్తున్నారు?” అన్నాడతను.

“చప్పట్లు కొడుతున్నారు.”

చప్పుడు లేని ఆ చప్పట్ల మధ్య అతనికి కాసేపు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి అతనూ పైకెత్తేశాడు.