మబ్బు రోజున మేత

“పిస్టల్ లేదా సార్?” అని అడిగాడు ఈశ్వరప్రసాద్.

“లేదండీ,” అన్నారు శివరామయ్య గారు ఎంతో మర్యాదగా, ఒక సెల్‌ఫోన్‌ను బల్ల మీద అతని వైపు జరుపుతూ. “ఇదిగోండి. ఛార్జర్ కూడా ఇస్తున్నాం.”

ఏలూరులో ఒక తివాచీల దుకాణం వెనక గది అది. ముందు గదిలో నిజంగానే తివాచీలు అమ్ముతారు. వెనక గదిలో ఉండేది విభాగం. దానికి పేరు లేదు, బోర్డు లేదు, ఏసీ కూడా లేదు. శివరామయ్య గారు దానికి చీఫ్. ఈశ్వరప్రసాద్ ఏజెంట్ ట్వంటీ సెవెన్. పదహారేళ్ళ సర్వీసు, రెండు సరిహద్దులు, మూడు మారుపేర్లు, భుజంలో ఒక బుల్లెట్ మచ్చ. అంతటివాడికి ఈ ఎన్నికల్లో అప్పగించిన ఆపరేషన్ ఏమిటంటే, జనం సోషల్ మీడియాలో ఎన్నికల గురించి ఏం మాట్లాడుకుంటున్నారో లైవ్‌లో చూస్తూ కూర్చోవడం. అతనికి ఒళ్ళు మండిపోయింది.

“విదేశంలో పెలికాన్ అని ఒక ముఠా ఉంది ప్రసాద్ గారూ,” అన్నారు చీఫ్. “వాళ్ళు బాంబులు పెట్టరు, పోస్టులు పెడతారు. పోలింగ్ రోజున కొల్లేరులో ఒక అబద్ధపు వీడియో వదిలి, రెండు ఊళ్ళు తన్నుకు చచ్చేలా చేసి, మన ఎన్నికలు ఇంతే అని లోకానికి చూపించాలని ప్లాన్. ఏ ఊరు, ఏ వీడియో, ఏ టైము, ఏ అకౌంట్? మీరు ఈ నాలుగూ పట్టుకోవాలి.”

“అకౌంట్ దొరికాక?”

“రిపోర్ట్ బటన్ నొక్కాలండీ.”

కవర్ ఏమిటంటే, చేపల మేత అమ్మే కంపెనీ ప్రతినిధి. వట్లూరులో గంగాభవాని గారనే ఆవిడ ఇంటి మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాడు. భార్య సరోజ హైస్కూలు టీచరు. ఆమెకు కూడా భర్త మేత అమ్ముతాడనే తెలుసు. మూడు నెలల్లో ఒక్క బస్తా కూడా అమ్మకుండా ఈయన జీతం ఎలా తెస్తున్నాడన్నది ఆమెకు తేలని విషయం.

విభాగం ఒక కంప్యూటర్, అందులో ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చింది. పేరు త్రినేత్ర. జిల్లాలో ఎవరు ఏ కామెంట్ పెట్టినా అది చదివి, జనం సంతోషంగా ఉంటే ఆకుపచ్చగా, కోపంగా ఉంటే ఎర్రగా చూపిస్తుంది. రోడ్డు మీద గుంత ఫొటో కింద ఎవరో “మా బాగా వేశారండీ రోడ్డు, మీ మేలు మరిచిపోం” అని రాశారు. త్రినేత్ర పచ్చగా వెలిగి, ఓటరు అమితానందంలో ఉన్నాడని చెప్పింది. ప్రసాద్ రోజుకు పన్నెండు గంటలు ఆ తెర ముందు కూర్చున్నాడు. అభ్యర్థుల మీద బూతులు, కులాల లెక్కలు, మధ్యలో “అక్కా ఆ చీర ఎక్కడ కొన్నారు?” అనే ప్రశ్నలు. సరిహద్దులో మంచులో నలభై గంటలు పడుకున్నప్పుడు కూడా అతనికి ఇంత విసుగు రాలేదు.

మూడో నెలలో తాడేపల్లిగూడెం నుంచి కబురొచ్చింది. పద్మప్రియ మాట్లాడతానంది.

పద్మప్రియ ఎవరో తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. రోజూ ఫోన్‌లో ‘ప్రియతో పోలింగ్’ అని లైవ్ షో చేస్తుంది. ఎనభై వేల మంది చూస్తారు. పెలికాన్ ముఠాకు స్క్రిప్టులు రాస్తుంది, విభాగానికి వాటి కాపీలు ఇస్తుంది. ఆమె ఎన్నుకున్న చోటు ఉల్లిపాయల మార్కెట్. అక్కడ అందరి కళ్ళూ నీళ్ళు కారుతూనే ఉంటాయి కాబట్టి ఎవరూ ఎవరి ముఖం వైపూ చూడరు. బస్తాల మధ్య నల్ల కళ్ళద్దాలు, తెల్లటి పట్టుచీర, ఎర్రటి గోళ్ళతో ఆమె నిలబడి ఉంది.

“ఈ సరుకు ఎన్నాళ్ళు నిలవ ఉంటుందండీ?” అని అడిగాడు ప్రసాద్. అది కోడ్.

“ఓట్లయ్యేదాకా ఉంటుందండీ,” అంది ఆమె. అది జవాబు. తరవాత గొంతు తగ్గించింది. “పైడిలంక. మధ్యాహ్నం మూడింటికి. ఆఫీసరమ్మ ఓటింగ్ మెషీన్‌ని పడవలో ఎత్తుకుపోతోందని వీడియో.”

“అది ఎలా తీస్తారు?”

“లంకకి మెషీన్ పడవలోనే కదండీ వెళ్ళేది. ముందురోజు సాయంత్రం తీసేస్తారు. వస్తున్న పడవని వెళ్ళిపోతున్న పడవ అంటారు, అంతే. అవతలి గట్టు ఊరివాళ్ళ ఓట్లు కూడా ఆ బూత్‌లోనే. వాళ్ళు పొద్దున్నే ఓటేసి ఇళ్ళకి పోతారు. మూడింటికి ఫోన్ చూస్తారు. పడవలు తీస్తారు.”

“ఆఫీసరమ్మ?”

“ఆవిడ పేరు స్క్రిప్టులో లేదండీ,” అంది పద్మప్రియ. కళ్ళు తుడుచుకుంది, అది ఉల్లిపాయల వల్లే. “అకౌంట్ పేరు ఏలూరు ఎక్స్‌ప్రెస్.”

“ఇంతకీ మీరు ఎటువైపు ప్రియ గారూ?”

“వ్యూస్ ఎటుంటే అటండీ.”

ప్రసాద్ ఏలూరు ఎక్స్‌ప్రెస్ మీద కన్నేసి ఉంచాడు. నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికినట్టే ఉంది. పోలింగ్ ముందురోజు సాయంత్రం వరకూ అతను కాస్త కుదుటపడే ఉన్నాడు. అప్పుడు సరోజ ఫోన్ చేసింది. ఎన్నికల డ్యూటీలో ఎవరికి ఏ బూత్ పడేదీ సామాన్లు పంచేచోటే చెప్తారు, అంతకుముందు చెప్పరు.

“ఏవండీ, నాకు పైడిలంక పడిందండీ. ప్రిసైడింగ్ ఆఫీసర్ని నేనే. ఇందాకే పడవ దిగాం. మెషీన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, చేతులు పడిపోయాయి. ఒడ్డు మీంచి ఎవరో వీడియో కూడా తీశారండీ. టీవీలో వస్తానేమో చూడండి.”

“నువ్వు జాగ్రత్త,” అన్నాడు ప్రసాద్.

“ఇక్కడ సిగ్నల్ సరిగా లేదండీ, పెట్టేస్తున్నా.”

అతను వెంటనే చీఫ్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక పడవ. ఇంకా మనుషుల్ని పంపమన్నాడు. బతిమాలాడు. అరిచాడు కూడా.

“నేను రాశానండీ,” అన్నారు శివరామయ్య గారు. “ఆధారం అడుగుతున్నారు. ఇంకా రాని వీడియో అబద్ధమని ఎలా రాయమంటారు చెప్పండి?”

తెల్లవారేసరికి ఆకాశం నిండా మబ్బు. ఎండాకాలంలో అలాంటి చల్లటి పూట దొరకడం అదృష్టమని జనం బారులు తీరి ఓట్లు వేస్తున్నారు. ప్రసాద్ పొద్దున ఆరింటి నుంచీ తెర ముందు నుంచి లేవలేదు. అతను ముందే రిపోర్ట్ కొట్టిన ఏలూరు ఎక్స్‌ప్రెస్‌ను రెండింటికి బ్లాక్ చేశారని కబురొచ్చింది. అతను కుర్చీలో వెనక్కి వాలి, మూడు నెలల్లో మొదటిసారి ఊపిరి తీసుకున్నాడు.

రెండూ పదికి పద్మప్రియ నుంచి మెసేజ్. “సారీ అండీ. అకౌంట్ అది కాదు. వ్యూస్ అటే ఉన్నాయి మరి.”

ప్రసాద్ బల్ల మీద గుద్దితే ఛార్జర్ ఎగిరి కింద పడింది. ఆవిడ చెప్పిన ఊరు నిజం, టైము నిజం, వీడియో నిజం, పేరొక్కటీ అబద్ధం. ఇంకా యాభై నిమిషాలుంది. జిల్లాలో ఎన్నికల గురించి మాట్లాడుతున్న పెద్ద అకౌంట్లు ఏడు వందలు. సరోజకు ఫోన్ చేస్తే అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే మాట. పదహారేళ్ళు దేశాన్ని కాపాడినవాడు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న భార్యకు ఒక్క మాట చేరవేయలేక జుట్టు పీక్కున్నాడు.

రెండూ నలభై అయిదుకు ఇంటావిడ గంగాభవాని గారు మజ్జిగ గ్లాసుతో మేడెక్కారు. వేలికి సిరా చుక్క ఇంకా తడిగా మెరుస్తోంది.

“పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు కదా బాబూ, ఈ మజ్జిగ తాగండి. ఏంటది, ఎలక్షన్లా?” అంటూ ఆవిడ తెరలోకి తొంగి చూశారు. తెర మీద ‘కొల్లేరు బుల్లిరాజు’ అనే అకౌంట్ ఉంది. లుంగీ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు. రెండు లక్షల మంది అభిమానులు. త్రినేత్ర అతని పక్కన పచ్చ గుర్తు పెట్టి, అత్యంత నమ్మదగిన రైతు గొంతు అని రాసింది. ఆ పొద్దుటి వీడియోలో బుల్లిరాజు, మేత కొద్దికొద్దిగా నీళ్ళలోకి రాలేలా కన్నాలు పెట్టిన బస్తాలను చెరువులో కర్రలకు కడుతూ, “మబ్బేసినా మన మేత ఆగదు, మన ఓటు ఆగదు!” అంటున్నాడు. నలభై వేల లైకులు. అందులో ఒకటి ప్రసాద్‌ది.

“అయ్యో, ఎవరండీ ఈ మనిషి? మబ్బులో మేత కడుతున్నాడేంటి?” అన్నారు గంగాభవాని గారు.

“కట్టకూడదా?”

ఆవిడ అతని వైపు వింతగా చూశారు. “ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోద్ది కదండీ. దాని మీద మేత కూడా వేస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుంటాయి. మా మండవల్లి చెరువులో పొద్దున్నే బస్తాలు విప్పించేశాం. కొల్లేట్లో ఎవర్నడిగినా చెప్తారు. మేత అమ్మే మీకు తెలీదా?”

ప్రసాద్‌కు సిగ్గూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి. బుల్లిరాజుకు చెరువు లేదు. అసలు బుల్లిరాజే లేడు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న పెలికాన్ వాడెవడో లుంగీ కట్టి, తువ్వాలు చుట్టి, మబ్బు కూడా గీసి, కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ అది. ఫోన్ తీశాడు.

“చీఫ్, కొల్లేరు బుల్లిరాజు. వెంటనే బ్లాక్ చేయించండి.”

“కారణం అనే కాలమ్‌లో ఏం రాయమంటారండీ?”

“మబ్బు రోజున మేత వేశాడు.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “అది లిస్టులో లేదండీ.”

ప్రసాద్ ఫోన్ పెట్టేశాడు. రెండూ యాభై అయిదు. పద్మప్రియ లైవ్‌లో ఉంది, తెర కింద ఫోన్ నంబరు తిరుగుతోంది. ఆ వీడియోను ఎనభై వేల మందికి చూపించబోయేది ఆవిడే. ప్రసాద్ ఆ నంబరు నొక్కాడు. మీరు వరసలో తొమ్మిదోవారు, దయచేసి ఆగండి అని పాట వచ్చింది.

సరిగ్గా మూడింటికి బుల్లిరాజు వీడియో వదిలాడు. ‘పైడిలంకలో ఘోరం! ఆఫీసరమ్మ మన ఓట్లు ఎత్తుకుపోతోంది! పడవలు తీయండి!’ తెర మీద సరోజ. బూడిద రంగు చీరలో, మెషీన్ పెట్టెను ఒళ్ళో బిగించి పట్టుకుని, పడవ ఊగినప్పుడల్లా భయంగా అంచు పట్టుకుంటోంది. నిమిషంలో మూడు వేల షేర్లు. ‘మా ఊరోళ్ళు బయల్దేరారు’ అని ఒక కామెంట్. ‘ఆరు పడవలు’ అని ఇంకొకటి. వరసలో నాలుగోవారు, అంది పాట.

“ఈవిడ మన సరోజ కదండీ!” అన్నారు గంగాభవాని గారు.

“అవును పిన్నిగారూ. ఆ పడవలు అక్కడికి చేరితే మనకి దక్కదు.”

లైన్ కలిసింది. “హలో, ప్రియతో పోలింగ్, ఎవరండీ మాట్లాడేది?”

మూడు భాషల్లో అబద్ధమాడగల ప్రసాద్‌కు ఆ క్షణంలో ఒక్క నిజం ఎలా చెప్పాలో తోచలేదు. ఫోన్ ఆవిడ చేతిలో పెట్టేశాడు.

“అమ్మాయ్, నేను మండవల్లి చెరువులవాళ్ళ గంగాభవానిని. ఆ బుల్లిరాజుని ఒక్కమాట అడుగు. పొద్దున్న ఇంత మబ్బేసుకుని ఉంటే చెరువులో మేత ఎందుకు కట్టాడు? ఏ ఊళ్ళో ఉందంట ఆ చెరువు? చేపల్ని పెంచినోడెవడూ ఆ పని చెయ్యడు. సొంత చెరువు గురించే తెలీనోడు పైడిలంక గురించి చెప్తే నమ్మి పడవలు తీస్తారా నాయనలారా?”

పద్మప్రియ వేలు కాల్ కట్ చేసే బటన్ మీద ఆగింది. ప్రసాద్ ఆ ఎర్రటి గోరునే చూస్తున్నాడు. ఇంతలో కింద కామెంట్లు మొదలయ్యాయి. ‘నిజమేరోయ్, మబ్బులో మేతేంటి?’ ‘మా ముదినేపల్లిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.’ ‘అన్నా, నీ చెరువు ఏ ఊరు?’ వందలు, వేలు. పద్మప్రియ ఆ అంకెలు చూసింది. వేలు బటన్ మీంచి తీసేసింది.

“మంచి ప్రశ్న అడిగారండీ,” అంది తియ్యగా. “బుల్లిరాజు గారూ, మీ జవాబు?”

ఏసీ గది నుంచి జవాబు వచ్చింది. ‘మా చేపలకు మబ్బు వాతావరణం చాలా ఇష్టం. ధన్యవాదములు.’

కొల్లేరు అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. నవ్వు బొమ్మలు తెర నిండా వరద కట్టాయి. నవ్వడం మొదలుపెట్టాక జనం వీడియోను కూడా మళ్ళీ చూశారు. ‘పడవ ముందే లంక కనిపిస్తోంది చూడండి, అది ఊళ్ళోకి వస్తోంది’ అని ఒకరు పట్టుకున్నారు. ‘ఆ మేడంగారు బూత్‌లోనే ఉన్నారు, ఇప్పుడే ఓటేసి బయటికి వచ్చాను’ అని పైడిలంక నుంచి ఇంకొకరు. మూడూ పద్నాలుగుకు వచ్చింది ప్రసాద్ ఎదురుచూస్తున్న కామెంటు: ‘మా పడవలు తిప్పేశామండీ, సగం దారిలో.’

మూడూ పదిహేడుకు కొల్లేరు బుల్లిరాజు మాయమయ్యాడు. “నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉందండీ,” అని చెబుతోంది పద్మప్రియ. ఆ పూట ఆవిడ షోను రెండు లక్షల మంది చూశారు.

మర్నాడు పొద్దున్న పైఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. త్రినేత్ర ఆ నవ్వు బొమ్మలన్నీ లెక్కపెట్టి, జిల్లా ప్రజలకు అత్యంత ఆనందం కలిగించిన రైతు బుల్లిరాజేనని తేల్చింది. అలాంటి గొంతు ఏజెంట్ ట్వంటీ సెవెన్ నిఘాలో ఉండగానే ఎందుకు మూగబోయిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ప్రసాద్ మెయిల్ రెండుసార్లు చదివాడు. ఫోన్‌ను కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

అప్పుడే సరోజ వచ్చింది. మెషీన్లు అప్పగించి, బస్సు పట్టుకుని, చీర కుచ్చెళ్ళ నిండా బురదతో. చెప్పులు గుమ్మంలోనే వదిలేసి గోడకు ఆనుకుని కూలబడింది.

“ఆరు పడవల మీద జనం మా వైపు వచ్చారండీ,” అంది. “కానిస్టేబుళ్ళు తలుపులేసేశారు. నా ప్రాణం పోయిందనుకున్నా. ఏమైందో మరి, నీళ్ళ మధ్యలో ఆగి, నవ్వుకుంటూ వెనక్కి పోయారు.”

ప్రసాద్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు.

సరోజ అతని రెండో చేతిలోని ఫోన్ వైపు చూసింది. “నేనక్కడ అంత హడిలిపోతుంటే, మీరు నిన్నంతా అది పట్టుకుని చూస్తూ కూర్చున్నారా?”

“లేదు,” అన్నాడు ఏజెంట్ ట్వంటీ సెవెన్. “మధ్యలో ఓసారి ఛార్జింగ్ పెట్టాను.”