పసుపు మరకల చెమట

"మా అక్క విషజ్వరంతో పోలేదండీ!" వచ్చీరాగానే కుర్చీలో కూలబడింది ఆ అమ్మాయి. "ఒళ్లు పెనంలా కాలిపోయేది. బిళ్లలు వేసినా ఒక్క డిగ్రీ దిగలేదు."

"వణికిందా? దుప్పటి కప్పమందా?" డిటెక్టివ్ అడిగాడు.

"లేదండీ. ఫ్యాన్ పెంచమని ఏడ్చేది. జ్వరమొచ్చిన రోజే వదులుగా ఉంటుందని ఇది కొనిచ్చాను."

అసిస్టెంటు ఆ లేసు మెడ నైటీని విప్పాడు. చంకల్లో పసుపుపచ్చ మరకలు. ఆ పులిసిన వాసనకు అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అక్క భర్త ఇంట్లోనే బరువు తగ్గించే సెంటరు నడుపుతాడు. ఆ సాయంత్రం డిటెక్టివ్, అసిస్టెంటు అక్కడికి వెళ్లారు. వాకిట్లో తెల్ల బోర్డు, దానిమీద నీలం అక్షరాలు, భార్యవే రెండు ఫొటోలు: ఒకటి లావుగా, ఒకటి చిక్కి. చిక్కిన మొహం నిగనిగలాడుతోంది. మెడ చుట్టూ లేసు.

"ఆవిడ జబ్బుపడ్డప్పుడు మీరెక్కడున్నారు?" డిటెక్టివ్ భర్తను అడిగాడు.

"ఊళ్లో లేనండీ. పోయాకే వచ్చాను. ఆ ఫొటోలు రెండూ అంతకుముందు నేను తీసినవే."

"ఆ వేళ్లకేమిటి పసుపు?"

"బోర్డు రంగండీ. ఎంత తోమినా వదలట్లేదు."

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు సోదా ముగించాక, డిటెక్టివ్ అందరినీ ఆ ఇంటి హాల్లో కూర్చోబెట్టాడు. భర్త పక్కన అతని తల్లి.

"జ్వరమొస్తే వేడి పెంచుకోడానికి ఒళ్లే కండరాల్ని వణికిస్తుంది. ఈవిడ వణకలేదు. తిన్న తిండి శక్తిలో కొంత పనికి, కొంత వేడికి పోవాలి. రంగుల ఫ్యాక్టరీలో వాడే ఒక పసుపు పొడి మింగితే, పనికి పోవాల్సిందీ వేడైపోతుంది. కొవ్వు కరుగుతుంది, మనిషి లోపల్నుంచి ఉడుకుతుంది. అందుకే బిళ్లలకు లొంగలేదు. చెమటలోనూ ఆ పసుపే, అందుకే ఆ మరకలు. మీ వేళ్లది బోర్డు రంగన్నారు, బోర్డు మీద పసుపు రంగు చుక్కయినా లేదు. ఆ నైటీ కొన్నది జ్వరమొచ్చిన రోజు. మరి అది తొడుక్కున్న ఫొటో, ఊళ్లో లేని మీరెలా తీశారు?"

ఇన్‌స్పెక్టరు పొడి డబ్బా, సగం నింపిన గొట్టం మాత్రలు బల్ల మీద పెట్టాడు.

అసిస్టెంటుకు బోర్డు మీది ఆ నిగనిగలాడే మొహం గుర్తొచ్చింది. చెమటలు కక్కుతూ చస్తున్న మనిషిని దిండుకు ఆనించి, మెడ తిప్పమని ఫొటో తీశాడన్నమాట!

"చంపాలనుకోలేదండీ," భర్త గొణిగాడు. "ఇంకో రెండు కిలోలు తగ్గితే ఫొటో ఇంకా బాగా వచ్చేది. అయినా మాత్రలు నోట్లో వేసింది నేను కాదు, అమ్మ!"

ముసలావిడ కొడుకు వైపు తిరిగింది.

"విటమిన్లన్నావు కదరా... వద్దత్తయ్యా, లోపల మండిపోతోందంటే, బతిమాలి మింగించాను కదరా!"

అప్పటికే అతని చేతులకు వెనక్కి బేడీలు పడ్డాయి. ఆవిడ లేచి, కొడుకు మొహాన కాండ్రించి ఉమ్మింది. అది చెంప మీదుగా జారుతుంటే, తుడవడానికి ఎవరూ ముందుకు రాలేదు.