ఏ కంపెనీలోనూ లేని రంగు

గోడకు ఆనించగానే వర్ణసాక్షి కిచ్‌మంది. రంగులేసే సింహాచలం దాని అద్దం మీద తేలిన అక్షరాలు చదువుకున్నాడు. పాలపిట్ట కంపెనీ, లేత సంపెంగ, వేసి ముప్పై ఒక్క ఏళ్లు. ఆ కంపెనీ మూతబడే ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఇబ్బందేమీ లేదు. అరచేతిలో పట్టే ఆ యంత్రం, నడుస్తున్న పదకొండు కంపెనీల రంగులన్నీ క్షణంలో గాలించి, మందారం కంపెనీ వారి తెలుపులో ఏది ఎన్ని చుక్కలు కలిపితే ఈ గోడ రంగు వస్తుందో తేల్చేసింది. ఎండకు గోడ ఎంత వెలిసిందో, ఆ వెలిసిన మేర కూడా లెక్కగట్టి మరీ చెప్పింది.

విశాఖలో కొండవాలున కట్టిన భవనంలో పదహారో అంతస్తు ఇల్లు అది. ఇంటావిడ పైడమ్మ ఒక్కతే ఉంటోంది. స్నానాలగది పైపు పగిలి ముందుగది గోడ ఒక మూల ఉబ్బిపోతే, ఆ మూల మాత్రం బాగుచెయ్యమని చెప్పి, ఆవిడ కూరగాయలకు కిందికి దిగింది.

ఒకప్పుడు ఈ పనికి కళ్లుండాలి. ఒక కంపెనీ లేత సంపెంగ మరో కంపెనీలో పాలమీగడ. మూడోవాళ్ల దగ్గర అదే పేరుతో కొంటే పసుపునీళ్లు. సింహాచలం కాగితం మీద బొటనవేలితో రంగు పులిమి, ఊది ఆరబెట్టి, గోడ పక్కన పెట్టి, ఒక కన్ను మూసుకుని ఓరగా చూసేవాడు. తడిమీద సరిపోయిందని మురిసిపోతే ఎండాక ముదిరి మొహం మాడ్చేది. అతుకు కనిపించినన్నాళ్లూ ఇంటివాళ్లు అతన్ని తలుచుకుని తిట్టేవారు. వర్ణసాక్షి వచ్చాక ఆ తిట్లు తప్పాయి. నేర్చిన విద్య పోయిందని ఏడ్చే రకం కాదు సింహాచలం. హాయిగా ఉందనుకున్నాడు.

మూల పని అయిపోయింది. సామాను సర్దుకుంటుంటే కిటికీ పక్క మంచం పైన, గోడ మీద అరచేయంత నల్లటి జిడ్డు మరక కనిపించింది. వర్ణసాక్షికీ కనిపించింది. ‘లోపం ఉంది. సరిచేయనా?’ అని అడిగింది.

ఒంటరి మనిషి, ఎవరు చేసిపెడతారు పాపం అనుకుని సింహాచలం ‘సరే’ నొక్కాడు. తుంపరచెయ్యి అనే, రంగు చిమ్మే పొడవాటి గొట్టం గోడ మీద ఒక్కసారి అటూ ఇటూ ఆడింది. మరక మాయమైంది.

పైడమ్మ వచ్చి మూల చూసి మెచ్చుకుంది. “ఎక్కడ సేసినావో కూడా తెలీటం లేదు బాబూ.” అంటూనే మంచం వైపు తిరిగింది. చేతిలో సంచి కింద పెట్టేసింది.

“అక్కడిది ఏటయింది?”

“జిడ్డు మరకమ్మా. పనిలో పనిగా తీసేశాను. ఊరికే చేశాన్లెండి.”

ఆవిడ మంచం మీద కూలబడింది. “మా ఆయన తల ఆనించుకునే సోటు బాబూ అది. తలకి నూనె దట్టంగా రాసుకుని కూకునేవోడు. గోడ పాడైపోతంది, తువ్వాలేసుకో అని రోజూ తిట్టీదాన్ని. పోయి ఎనిమిది నెల్లయింది. ఇప్పుడు పొద్దున్నే లేచి దాని మీదే సెయ్యేసుకుంటన్నాను.”

సింహాచలానికి ప్రాణం ఉసూరుమంది. మరక ఎక్కడుండేదో చూపమని వర్ణసాక్షిని అడిగాడు. ‘తేడా లేదు’ అంది. మరక రంగు కలపమన్నాడు. పదకొండు కంపెనీలూ వెతికి, ‘ఇది రంగు కాదు, మురికి’ అంది. గోడకు చెంప ఆనించి ఓరగా చూశాడు. నలభై ఏళ్లు రంగులు పోల్చిన కళ్లకు ఆ చోటు దొరకలేదు. అంత బాగా కుదిరింది పని.

“నా చేత్తో కలిపి వేస్తానమ్మా. అచ్చం అలాగే వస్తుంది,” అన్నాడు బతిమాలుతున్నట్టు.

“నువ్వేస్తే నీదవుతాది గానీ ఆయనది అవుతాదేటి?”

ఆవిడే గోడను వేలితో తడిమి అడిగింది.

“ఈ కొత్త రంగుకి నూనె పడతాదా?”

“పట్టదమ్మా. పైన మైనప్పూత ఉంటుంది. ఏదీ అంటదు.”

“ఆ పూత తీసీ.”

ఎక్కడ తియ్యాలని అడిగితే ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, తన తలపైన జానెడు కొలిచి చూపింది. గరుకు కాగితంతో అతను అంతమేరా మెల్లగా రుద్దాడు.

ఏడాది తిరిగాక భవనం గోడల తనిఖీకి సింహాచలం మళ్లీ వచ్చాడు. ముందుగదిలో అడుగుపెట్టగానే వర్ణసాక్షి కిచ్‌మంది. ‘లోపం ఉంది. సరిచేయనా?’

రుద్దిన చోటే లేత మరక ఒకటి ఉంది. పొట్టి మనిషి పైడమ్మ, కూర్చుంటే ఆ ఎత్తు ఆవిడ తలకు అందేది కాదు. అప్పుడు చూశాడు, గోడవారగా మంచం మీద ఒకదానిపై ఒకటి పెట్టిన రెండు దిండ్లను. రెండూ మధ్యలో గుంటపడి ఉన్నాయి.

వంటగదిలోంచి పైడమ్మ వచ్చింది. తల నిండా నూనె.

“సరిగా రాలేదు బాబూ,” అంది దిగులుగా. “ఆయనది ఇంకా ముదురు.”

సింహాచలం ‘వద్దు’ నొక్కి యంత్రాన్ని సంచిలో పడేశాడు. గోడ దగ్గరికి వెళ్లి, ఒక కన్ను మూసుకుని, ఓరగా చాలాసేపు చూశాడు.

“పోలిక వచ్చిందమ్మా,” అన్నాడు. “కొన్నాళ్లు పోతే ముదురుతుంది.”

పైడమ్మ దిండ్లు సర్దుకుని, వాటి మీద ఎక్కి కూర్చుని, గోడకు తల ఆనించింది.