తువ్వాలు కింది ధర

మట్టి గొర్రె కడుపులో వేడినీళ్ళు పోయడంతో సుంకన్న పని మొదలవుతుంది. మూత బిగించి, కారిన తడి తుడిచి, ఆ గొర్రెను పరీక్షగదిలో నల్లరాయి పక్కన నిలబెడతాడు. రాయిని అప్పటికే శీతలయంత్రం మంచుముద్ద చేసి పెట్టి ఉంటుంది. వేడి గొర్రె, చల్లని రాయి. చీకట్లో చూపించే రేగన్ను ఎంత నాసిరకందైనా, అది పెట్టుకుని చూస్తే గొర్రె పెళ్ళిపందిరిలా వెలిగిపోతుంది. బయట మడకశిర గుట్టల మీద మాత్రం పగలంతా కాగిన బండ తెల్లవారేదాకా చల్లారదు. గొర్రె ఒంటి వేడీ, బండ వేడీ ఒకటే. అక్కడ ఇదే రేగన్నుకు గొర్రే బండా కలిసి ఒకే తెల్లమచ్చ. సుంకన్నకు ఇది తెలుసు. తెలిసినందుకు కంపెనీ జీతం ఇవ్వదు, తెలియనట్టు ఉన్నందుకు ఇస్తుంది.

పొద్దు వాలింది. పగటిమూత ఎత్తేసినట్టు సైరన్ మోగింది. ఎండకు మనుషులు రాలిపోవడం మొదలయ్యాక పగలు గడప దాటడం నిషేధం. దీపాల మీదికి మిడతల దండ్లు దిగడం మొదలయ్యాక రాత్రి ఆరుబయట వెలుతురు నిషేధం. మనుషులకు మిగిలింది చీకట్లో తడుములాట. ఆ తడుములాటను చూసి కంపెనీ ఈ రేగన్నుల దుకాణం తెరిచింది.

గల్లా మీద వెలగణి మేలుకుంది. ధర కట్టే ఈ యంత్రం బోర్లించిన చెంబంత ఉంటుంది. వచ్చినవాడి కంటిపాప, నాడి, ఊపిరి, వేళ్ళ వణుకు చూసి, వాడి అవసరం ఎంత గట్టిదో తూచి ధర పలుకుతుంది. షోకుకు కొనేవాడికి తక్కువ, ప్రాణం మీదికి వచ్చినవాడికి ఎక్కువ. కంపెనీ దీనికి న్యాయధర అని పేరు పెట్టింది. పశువుల సంతలో దళారులను దొంగలని తిట్టిన పెద్దమనుషులే దీనికి దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. గల్లా వెనక గోడ మీద పాత చట్టం పలక ఇంకా వేలాడుతోంది. కొనేవాడూ అమ్మేవాడూ ఒప్పుకున్నదే ధర అని దానిమీద రాసి ఉంది. అది ఎవరికీ అడ్డం కాలేదు కాబట్టి ఎవరూ తీయలేదు.

మొదట క్వారీ కాంట్రాక్టరు బామ్మర్ది వచ్చాడు. మిద్దె మీద కూర్చుని నక్కల్ని చూడాలట. వాడి నాడి నిద్రపోతున్నంత నింపాదిగా కొట్టుకుంది. వెలగణి బతిమాలినట్టు ధర దించుకుంటూ వచ్చి, వేడినీ చుక్కల వెలుతురునూ కలిపి చూపే, దుకాణంలోకెల్లా మేలైన జంటచూపును రెండు పొట్టేళ్ళ ఖరీదుకు కట్టబెట్టింది. వాడు దాన్ని పెట్టె కూడా విప్పకుండా చంకలో పెట్టుకుపోయాడు.

వాడి వెనకే హొన్నూరప్ప నిలబడి ఉన్నాడు. గొర్రెల కాపరి. భుజాన తువ్వాలు, మొలలో రెండు పొట్టేళ్ళు అమ్మిన డబ్బు.

"అన్నా, ఇప్పుడు ఆయప్ప తీసకపోయింది, అట్లాటిది నాకొకటి ఇయ్యి."

"నాకేం చెప్తావు? ఆ చెంబుకు చెప్పు," అన్నాడు సుంకన్న.

"నాకు గాదు, మా ఉలిగమ్మకు. దానికి రేచీకటి. ఇద్దరం చెరో పక్క కాస్తేనే మంద నిలుస్తాది. మొన్న క్వారీ గుంతలో పడేదే. ముందర పోయిన గొర్రె పడి అరిస్తే, ఆ అరుపు ఇని ఈమె నిలబడిపోయింది. మళ్ళా పోవద్దే అంటే ఇనదు. పోకుంటే ఏం తినాల అంటాది."

పెళ్ళాం పేరు ఎత్తగానే అర మీద వెలిగే ధర ఎగబాకింది. గుంత అనగానే ఇంకో మెట్టు ఎక్కింది. నోరు మూసుకోవయ్యా అని సుంకన్నకు అరవాలనిపించింది. అలా హెచ్చరించడం నేరం. చివరికి జంటచూపు ధర సగం మంద దగ్గర ఆగింది.

"మాన్య వినియోగదారు, మీ ఆత్మీయుల క్షేమమే మా ధ్యేయం," అంది వెలగణి, శుభలేఖ చదివినట్టు. "మీ స్తోమతకు వేడిచూపు తగినది. పరీక్షించి చూడగలరు."

హొన్నూరప్ప వేడి తప్ప మరేదీ పట్టని ఆ చవక వేడిచూపును కంటికి తగిలించుకుని పరీక్షగదిలోకి పోయి, అంతలోనే బయటికి వచ్చాడు.

"కనపడిందా?"

"కనపడకేం? మేసేది లేదు, కదిలేది లేదు. దాన్ని సూసేదానికి కన్నెందుకన్నా, తడిమితే సాలు. మా బండల మీద కనపడతాదా ఇది?"

వెలగణి సుంకన్న వైపు తిరిగింది.

"పరీక్షగదిలో చూసిందే కంపెనీ హామీ," అన్నాడు సుంకన్న. ఈ మాట అనీ అనీ వాడి నాలుకకు రుచి పోయింది.

హొన్నూరప్ప వాడి ముఖంలోకి కాసేపు చూశాడు. "నువ్వు ఎద్దుల దళారి తిమ్మప్ప కొడుకువి గదూ?"

"అవును."

"మీ నాయన నోటితో బొంకేవాడు. చేత్తో ఎప్పుడూ బొంకలేదు."

భుజాన ఉన్న తువ్వాలు తీసి గల్లా మీద పరిచాడు. దాని కిందికి చెయ్యి పోనిచ్చి, సంతలో తువ్వాలు చాటున వేళ్ళతో ఎద్దు బేరం ఆడేవాడిలా ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"చేతులు కనబడటం లేదు," అంది వెలగణి. "దయచేసి చేతులు పైకి తీయగలరు."

చెయ్యి పెడితే రేపటికి దుకాణం తాళం తన వేలిముద్రకు తెరుచుకోదని సుంకన్నకు తెలుసు. పెట్టకపోతే ఈ మనిషి వేడిచూపు కొనుక్కుపోతాడు. ఆ ఆడమనిషి దాన్ని నమ్మి గుంత వైపు నడుస్తుంది. కంపెనీ సంతాపం కూడా ఆ చెంబే చదువుతుంది.

చెయ్యి పెట్టాడు.

ముందు సుంకన్నే కాపరి అరచేతిలో గోటితో అడ్డంగా గీశాడు. పశువులో లోపం ఉందనడానికి తిమ్మప్ప అలాగే గీసేవాడు. కాపరి ముఖంలో ఏమీ కదలలేదు. తువ్వాలు కింద అతని చెయ్యి వచ్చి సుంకన్న రెండు వేళ్ళను పట్టుకుంది, రెండు పొట్టేళ్ళ ధర అన్నట్టు. సుంకన్న ఒప్పుకున్నట్టు ఆ చేతిని మొత్తంగా బిగించి వదిలాడు.

"చేతులు చూపగలరు. అవసరం నిర్ధారణ కాలేదు. చేతులు చూపగలరు."

సుంకన్న అరలోంచి జంటచూపు తీసి కాపరి ముందు పెట్టి, అమ్మకం ఖాయం చేసే ఒప్పుముద్ర మీద బొటనవేలు నొక్కాడు. "ఇద్దరం ఒప్పుకున్నాం. గోడ మీది చట్టం చూసుకో."

వెలగణి కాసేపు గుర్రుమంది. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి ఒకరిని ధర అడిగింది. "ఎంతకు?"

"నక్కల్ని చూసే ఆయనకు నువ్వు ఎంతకిచ్చినావో, అంతకే."

అరల మీద వెలుగుతున్న అంకెలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి గీతలుగా మిగిలాయి. హొన్నూరప్ప డబ్బు కట్టి, జంటచూపు ఒడిలో కట్టుకుని, తువ్వాలు అందుకోబోయాడు. వెనక వరుసలోంచి రాళ్ళు కొట్టే ముత్యాలక్క గబగబా ముందుకొచ్చి దాని అంచు పట్టుకుంది.

"అది ఈడే పెట్టి పో అన్నా. రేపు ఇస్తాంలే. ఏం సుంకన్నా, ఆడోళ్ళతో బేరం ఆడతావా, లేకుంటే ఆ చెంబును అడగాల్నా?"

"ఉండక్కా," అన్నాడు సుంకన్న.

పరీక్షగదిలోకి పోయి మట్టి గొర్రె కడుపులోని నీళ్ళు పారబోసి వచ్చాడు. తడిచెయ్యి చొక్కాకు తుడుచుకుని, తువ్వాలు ముడతలు సాపు చేశాడు. వెలగణి చేతులు చూపమని ఇంకా అంటూనే ఉంది. ముత్యాలక్క వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే భుజాల మీది తువ్వాళ్ళు చేతిలోకి తీసుకుంటున్నారు.